ఈ చిరునామాలో ఏ సైటూ లేదు

గిన్నెలు సగం తోమాక ఫోను మోగింది. చేతుల నిండా సబ్బు నురగ. ఆ వేళకి నాకొచ్చే ఫోన్లన్నీ పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవే కాబట్టి, మళ్లీ చేస్తారులే అని వదిలేశాను. మళ్లీ చేశారు. నైటీకి చేతులు తుడుచుకుని చూస్తే ఆసుపత్రి పసిపిల్లల వార్డు నుంచి పెద్ద సిస్టర్.

"అమ్మా, మీ సైటు రావట్లేదేంటి? ఇక్కడొక తల్లి గోడ మీద మీ కార్డు చూసి ఫోన్లో కొడుతోంది. అలాంటిదేం లేదని వస్తోందంట."

"కొత్త అడ్రస్ ఉంది సిస్టర్. పాతది కొట్టినా దానికే వెళ్తుందే."

"వెళ్లట్లేదమ్మా, నేనూ చూశాను. సరే, అది తర్వాత చూసుకోండి. ఆ చిన్న సైజు ఒకటి ఉందా? సాయంత్రం లోపల కావాలి."

సాయంత్రం లోపల అంటే ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వార్డులో ఒక బిడ్డకి పెట్టిన గొట్టాలన్నీ ఆ సాయంత్రం తీసేస్తారని అర్థం. తెస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేసి, గట్టుకి ఆనుకుని నిలబడి, ఆ పాత అడ్రస్ నేనే కొట్టాను. రోజూ కొట్టేదే. పొద్దున కూడా కొట్టబోయాను గానీ, మామూలు కంటే ముందే టిఫిను డబ్బా కావాలని ఆయన తొందరపెట్టడంతో కుదరలేదు. తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం. ఈ చిరునామాలో ఏ సైటూ లేదు.

ఆ చిరునామాలో ఉన్నది మా పాప పేరు.

పాప అని ఇప్పుడు ధైర్యంగా అంటున్నాను గానీ మా ఇంట్లో ఆ మాట వాడరు. "అది జరిగినప్పుడు" అంటారు. అది జరిగేనాటికి నేను రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. డాక్టరు పడుకోమంటే ఉద్యోగం మానేసి పడుకున్నాను. అయినా ఆగలేదు, నెలలు నిండకుండానే పుట్టింది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు ఉంది. ఆసుపత్రివాళ్లు చేతికి కట్టిన పట్టీ మీద పేరు లేదు, నా పేరు రాసి పక్కన 'పాప' అని రాశారు. వెళ్లిపోయాక ఒంటికి వేద్దామంటే కొని పెట్టుకున్న గౌన్లలో ఏదీ సరిపోలేదు. అన్నిటికంటే చిన్న గౌను కూడా దాన్ని మింగేసేలా ఉంది. చేయి మడిచి చొక్కాలో దూర్చాలంటే భయమేసింది. చివరికి ఆసుపత్రి ముద్ర ఉన్న తువ్వాలులోనే చుట్టి ఇచ్చారు. ఎన్నో వేల గౌన్లకి గుడ్డ కత్తిరించినదాన్ని, నా బిడ్డని తువ్వాలులో పంపాను. ఆ మాట ఎవరితో అనాలి. అత్తయ్యతో అన్నాను. "పేరైనా పెట్టలేదు కదా అమ్మాయ్, అంత బెంగ దేనికి? లేచి స్నానం చెయ్యి" అంది. ఆవిడ దయగానే అంది, అదే కష్టం. ఆయన ఆ వారంలోనే ఉయ్యాలని షాపులో తిరిగిచ్చేసి వచ్చారు. వచ్చి, "ఇంక దాని గురించి మాట్లాడొద్దు" అన్నారు. నేను మాట్లాడలేదు. మంచి భార్యని కదా.

కానీ పేరు పెట్టలేదన్నది నిజం కాదు. ఆ రాత్రి అద్దాల పెట్టెలో చెయ్యి పెట్టనిచ్చినప్పుడు, నా వేలు దాని అరచేతికి తగిలించి, పేరుతో పిలిచాను. చాలాసార్లు పిలిచాను. ఆ గదిలో మిషన్లు తప్ప ఎవరూ లేరు.

కొన్నాళ్లకి ఏం చెయ్యాలో తెలియక మిషను ముందు కూర్చున్నాను. అరచేయంత చొక్కా కుట్టాను. చేతులు దూర్చే పని లేకుండా ముందువైపు పూర్తిగా విడిపోయి నాడాలతో కట్టుకునేలా, కుట్టు ఒంటికి ఒత్తుకోకుండా పైకి ఉండేలా. ఒకటి కుట్టి ఊరుకోలేకపోయాను. ఒక సంచీ నిండాక తీసుకెళ్లి పెద్ద సిస్టర్‌కిచ్చాను. ఆవిడ ఒకటి తీసి అరచేతిలో పరుచుకుని, నాడాలు వేలితో సర్దింది. "ఇవి ఎక్కడా దొరకవమ్మా. ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, ఏం చెప్పాలో తెలీదు మాకు" అంది. బతికి బట్టకట్టే బిడ్డలకి కూడా ఆ సైజులు కావాలని, వాటికి కొంటారని కూడా ఆవిడే చెప్పింది.

అలా సైటు పెట్టాను. అత్తయ్య నిద్రపోతున్న మధ్యాహ్నం, ఫోన్లోనే. డబ్బులేం కట్టక్కర్లేకుండా మనమే సైటు తయారుచేసుకునే కంపెనీ ఒకటి ఉంటే అందులో చేరాను. మొదట అదే ఒక అడ్రస్ ఇచ్చింది, 'మై సైట్' అని, పక్కన ఏవో అంకెలు. చివర ఆ కంపెనీ పేరు. కింద చిన్న అక్షరాల్లో, ముందు భాగం కావాలంటే మార్చుకోవచ్చని ఉంది. దాన్ని నొక్కితే ఖాళీ గడి వచ్చింది. ఏం రాయాలని పెద్దగా ఆలోచించినట్టు గుర్తు లేదు. వేళ్లే రాశాయి. రాయగానే పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. ఈ పేరు అందుబాటులో ఉంది, మీరు తీసుకోవచ్చు అని. అది జరిగాక నేను గట్టిగా ఏడ్చింది అప్పుడే. పేరు పెట్టడానికి ఎవరో నాకు అనుమతిచ్చినట్టు అనిపించింది.

అదేం పేరని ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. "సబ్బు పేరులా ఉంది" అంది అత్తయ్య. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశారు. ఏం కుట్టానో కూడా చూడలేదని అప్పట్లో చిన్నబుచ్చుకున్నాను.

ఆర్డర్లు మెల్లగా మొదలై తర్వాత ఆగలేదు. చిన్న సైజులు వేసిన బిడ్డలు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల అమ్మలు పెద్ద సైజులు అడిగారు. పొద్దున వంట, డబ్బాలు, అత్తయ్య మందులు, బట్టలు. తర్వాత మిషను. మధ్యలో లేచి టీ. మళ్లీ మిషను. పార్సిల్ కట్టడం, అడ్రసులు రాయడం, రంగు తేడా వచ్చిందన్నవాళ్లకి జవాబులు చెప్పడం, సాయంత్రం మళ్లీ వంట. "మా కోడలు ఖాళీగా ఉండలేదు, ఏదో కాలక్షేపానికి కుట్టుకుంటుంది" అని అత్తయ్య పక్కింటివాళ్లకి చెప్పేది. ఆ కాలక్షేపంతోనే మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోగలిగాడని మాత్రం చెప్పేది కాదు.

మరిది వచ్చాక అంతా మారింది. "వదినా, ఇది ఇలా కాదు, కాస్త ప్రొఫెషనల్‌గా ఉండాలి" అన్నాడు. పాపకని అనుకున్న ముందు గదిలో బల్ల, కంప్యూటరు పెట్టి ఆఫీసు అన్నాడు. పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాను. సైటులో 'మా గురించి' అని ఒక పేజీ పెట్టాడు. అందులో అన్నదమ్ములిద్దరూ చేతులు కట్టుకుని నవ్వుతున్న ఫొటో ఉంటుంది. నావి చేతులు మాత్రం ఉంటాయి, మిషను మీద, మణికట్టు దాకా. తర్వాత సొంత అడ్రస్ కొన్నాడు. ఇంటిపేరు, దాని పక్కన 'అండ్ బ్రదర్స్'.

"మరి పాతది పోతుందా?" అని అడిగాను.

"పోదు వదినా. అది డీఫాల్ట్ అడ్రస్. లోపలెక్కడో ఉంటుంది, ఎవరికీ కనపడదు. పాతది కొట్టినా కొత్తదానికి తీసుకెళ్తుంది, అంతే."

లోపలెక్కడో ఉంటుంది, ఎవరికీ కనపడదు. అది ఎప్పుడూ అలాగే ఉంది కదా అనుకుని ఒప్పుకున్నాను. నన్ను ఎవరూ ఒప్పుకోమని అడగలేదనుకోండి. అప్పట్నుంచి పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఫోన్లో ఆ పేరు కొట్టేదాన్ని. పేజీ తెరుచుకునే లోపు, పైన అడ్రస్ గీతలో రెప్పపాటు ఆ పేరు ఉండేది. తర్వాత అండ్ బ్రదర్స్ అయిపోయేది. ఆ రెప్పపాటు చాలు నాకు. పిల్లల్ని బడికి పంపే తల్లులు గుమ్మంలో నిలబడి చెయ్యూపుతారు, మళ్లీ సాయంత్రం దాకా పనిలో పడతారు. నాకూ అంతే అనుకునేదాన్ని.

ఆమధ్య మరిది సైటులోంచి అరచేయంత సైజు తీసేశాడు. "చూసినవాళ్ల మూడ్ పాడైపోతోంది వదినా. పుట్టినరోజు ఫ్రాకు కొందామని వచ్చినవాళ్లకి అది ఎదురొస్తే ఎలా ఉంటుంది?" అన్నాడు. ఆయన తలూపారు. నేను వాదించలేదు. మిగిలిన ముక్కలతో కుట్టి, చేత్తో తీసుకెళ్లి వార్డులో ఇస్తున్నాను. ఈ నెల ఆర్డర్ల ఒత్తిడిలో అది కూడా కుదరలేదు.

ఆ తెల్ల పేజీ చూశాక, గిన్నెలు అలాగే వదిలేసి ముందు గదిలోకి వెళ్లాను.

"పాత అడ్రస్ పనిచెయ్యట్లేదు" అన్నాను.

మరిది కంప్యూటర్లోంచి తల తిప్పలేదు. "అవును, పొద్దున మార్చాను. ఎప్పుడూ ఆ పిచ్చి పేరేంటి వదినా, మెయిల్స్ కింద కూడా అదే వస్తోంది. డీఫాల్ట్‌లో కూడా మన కంపెనీ పేరే పెట్టేశాను. నీట్‌గా ఉంది ఇప్పుడు."

"మళ్లీ పాతదే పెట్టు."

నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, ఆ పేరు కొట్టాడు. ఎర్రగా ఏదో వచ్చింది. ఇంకోసారి కొట్టాడు. తర్వాత ఆ సైటు కంపెనీవాళ్లకి మెసేజ్ పెట్టాడు. జవాబు వచ్చేదాకా వాడి కుర్చీ వెనక నిలబడ్డాను. వచ్చింది.

"ఒకసారి వదిలేసిన పేరు మళ్లీ ఎవరికీ ఇవ్వరంట. మనకి కూడా. వాళ్ల రూలంట." కుర్చీ తిప్పాడు. "ఏమైంది వదినా? అదేమన్నా ఇంపార్టెంటా? నాకేం తెలుసు, అన్నయ్యే తీసెయ్యమన్నాడు."

"అన్నయ్యా?"

"రాత్రి భోంచేసేటప్పుడు చెప్పాడు. ఆ పేరు ఎక్కడా కనపడకూడదు అన్నాడు."

అక్కడ నిలబడటానికి నాకు టైము లేదు. గుడ్డ తీశాను. తెల్లది, చాలాసార్లు ఉతికి మెత్తబడింది. కత్తిరించడం నాకు కళ్లు మూసుకుని చెయ్యగలిగే పని, కానీ ఆరోజు రెండుసార్లు గీసుకోవాల్సి వచ్చింది. అత్తయ్య వచ్చి, గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయంది. ఉన్నాయన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. నాడాలు కుట్టి, ఇస్త్రీ చేసి, బయల్దేరాను.

వార్డు బయట గదిలో ఆ తల్లి కూర్చుని ఉంది. చిన్నపిల్ల. చెప్పులు మార్చి వేసుకుంది, ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినిపించుకోలేదో. చొక్కా చేతికిస్తే ఒడిలో పరుచుకుని, నాడాలు కట్టి చూసింది, విప్పింది, మళ్లీ కట్టింది.

"ఇంత చిన్నవి ఎలా కుట్టారండీ?"

"నాకూ కావాల్సొచ్చింది. అప్పుడు దొరకలేదు."

తలెత్తి చూసింది. ఇక ఆ పిల్ల అడిగిన మాట, ఇన్నేళ్లలో అమ్మగానీ, అక్కగానీ, అత్తయ్యగానీ, ఆయనగానీ అడగని మాట. "పేరేం పెట్టారు?"

చెప్పాను. నా గొంతులోంచి ఆ పేరు బయటికి రావడం ఆ అద్దాల పెట్టె దగ్గర పిలిచాక అదే మొదటిసారి. ఆ పిల్ల సరిగ్గా పలుకుతున్నానో లేదో అన్నట్టు నెమ్మదిగా తిరిగి అంది. తన నోట విన్నాక ఆ పేరు నిజంగా ఒక మనిషిది అనిపించింది. ఇక్కడ మాత్రం రాయడం లేదు. రాసిన ఒక్క చోటా చెరిపేశారు, ఇక చెప్పుకోవడమే.

"మావాడికి మేమింకా పెట్టలేదు" అంది ఆ పిల్ల. "ఇప్పుడు పెట్టొచ్చాండీ? ఏమన్నా అనుకుంటారా?"

"పెట్టమ్మా. ఇప్పుడే పెట్టు. నువ్వు పిలువు, మీ ఆయన్నీ పిలవమను."

పెద్ద సిస్టర్ వచ్చి ఆమెని లోపలికి తీసుకెళ్లింది. నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. కాసేపటికి లోపలినుంచి మగగొంతు ఒకటి, ఏదో పేరు పిలుస్తూ వినిపించింది. మధ్యలో ఆగిపోతోంది, మళ్లీ పిలుస్తోంది.

ఇంటికొచ్చేసరికి ఆయన షాపు నుంచి వచ్చి, మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుతున్నారు. టైల్స్ షాపులో మేనేజరు, రోజంతా నిలబడే పని. పాదాలు వాచిపోతాయి. వేడినీళ్లు పెట్టడం నా అలవాటు. ఆరోజు పెట్టలేదు.

"ఆ పేరు తీసెయ్యమని మీరే చెప్పారంట" అన్నాను.

"ఊఁ."

"అదెవరి పేరో తెలుసా మీకు?"

తెలీదంటారనుకున్నాను. ఎవరి పేరు అని అడుగుతారనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా తయారుచేసుకుంటూ వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఆయన ఏడిస్తే ఎలా పట్టుకోవాలో కూడా.

ఆయన బూటు లేసు వేలికి చుట్టుకుంటూ, "తెలుసు" అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. ఆ రాత్రి తలుపు దగ్గరే ఉన్నాను. నువ్వు పిలుస్తుంటే విన్నాను." చుట్టుకున్న లేసు విప్పి, "లోపలికి రాలేకపోయాను" అన్నారు. "తర్వాత నువ్వు సైటుకి ఆ పేరు పెట్టావు. ప్రతి పార్సిలు మీదా అదే. ప్రతి బిల్లు మీదా అదే. ఎన్నాళ్లని చూడను? నిన్న షాపులో ఎవరో మన మెయిల్ కింద ఆ పేరు చదివి, బావుంది, మీ పాప పేరా అని అడిగారు. కాదని చెప్పాను."

కాదని చెప్పారు.

ఆయన్ని తెలియనివాడు అనుకుని ఇన్నాళ్లు క్షమిస్తూ వచ్చాను. మగవాళ్లకి ఇవి తెలియవులే, కడుపులో మొయ్యలేదు కదా, అని ఆయన తరఫున నాకు నేనే చెప్పుకునేదాన్ని. మిషను చప్పుడులో ఏడిస్తే ఆయనకి వినిపించదని మిషను గట్టిగా తొక్కిన రోజులున్నాయి. ఆయన పక్కన పడుకుని, అటు తిరిగి, పెదాలు మాత్రమే కదుపుతూ ఆ పేరు అనుకునేదాన్ని. అటువైపు తిరిగి ఆయన కూడా అదే అనుకుంటున్నారేమో. ఒకే మంచం మీద ఇద్దరం, ఒకే పేరుతో, వీపులు ఆనించుకుని. ఒక్కరోజు ఇటు తిరిగుంటే పోయేది. ఆయనకి బాధ లేదనుకున్నప్పుడు కూడా నాకింత ఒంటరితనం అనిపించలేదు.

"ఒక్కసారి అనండి" అన్నాను. "ఆ పేరు. నా ముందు."

ఆయన నేలకేసి చూస్తూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. వంటగదిలోంచి అత్తయ్య, భోజనం ఎప్పుడని కేకేసింది. ఆయన లేచి, "ఆకలేస్తోంది" అని వెళ్లిపోయారు.

మర్నాడు పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేశాను. నర్సులుండే బిల్డింగులో వెనకవైపు ఒక గది ఖాళీగా ఉందని, కిటికీ పెద్దదని, మిషను పెట్టుకోవచ్చని చెప్పింది. ఇంట్లో చెప్పాను. "ఆర్డర్లు ఎవరు కుడతారు వదినా?" అన్నాడు మరిది. వాడి మొదటి మాట అదే. అత్తయ్య కూర్చుండిపోయింది. "ఎప్పుడో అయిపోయినదానికి ఇప్పుడు కాపురం వదులుకుంటావా? అది ఉందా, పోయిందా, ఒక్క రోజు పిల్లకి" అంది. ఒకటిన్నర రోజు అత్తయ్యా అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది, నా కోసమో, ఆవిడ కోసమో.

ఆదివారం చిన్న వ్యాను వచ్చింది. బట్టలు ఒక సంచీ, తెల్ల గుడ్డల మూట ఒకటి. మిషను బరువుగా ఉంటుంది కాబట్టి బరువు వైపు ఆయన పట్టుకున్నారు. మెట్ల మీద ఒకరి అడుగు చూసి ఒకరు దిగాం. వ్యానులోకి ఎక్కించాక అది కదలకుండా తాడు కట్టారు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశారు. నేను డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. ఆయన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

అప్పుడన్నారు ఆ పేరు. మెల్లగా, తప్పులేకుండా, ఆ రాత్రి నేను పిలిచినట్టే చివర కాస్త సాగదీసి.

రెండే అక్షరాలు. పలకడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇంతసేపటి పనికా ఇన్నేళ్లు నన్ను ఒక్కదాన్నే ఉంచారు అనిపించింది.

డ్రైవరుతో పోనివ్వమన్నాను.